అరువు పీరియడు

కోపం పాపమా, కాదా? పెద్ద టీచరు ఏళ్ళ తరబడి మోస్తున్న సందేహం ఇది. "కోపంతో చేసిన ప్రార్థన గుమ్మం దాటదమ్మా" అనేవాడు వాళ్ళ నాన్న. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఆయన్ని నిలువునా ముంచినవాళ్ళు కూడా ఆయన పోయిన రోజున వచ్చి, "బంగారంలాంటి మనిషి, ఒక్క మాట అనేవాడు కాదు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి సందేహం మొదలైంది అప్పుడే. ఆ ఒక్క మాట అనకపోవడం వల్ల బాగుపడింది ఎవరు? ఆయనా, వాళ్ళా? కళ్ళ ముందు అన్యాయం జరుగుతుంటే చల్లగా కూర్చున్నవాడి ప్రార్థన మాత్రం గుమ్మం దాటి ఎంత దూరం పోతుంది? ఈ ప్రశ్న ఆవిడ దేవుణ్ణే అడుగుతూ వచ్చింది. ఆయన కూడా వాళ్ళ నాన్నలాగే ఒక్క మాట అనలేదు.

ఆవిడ ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలూ, టీచర్లూ, వీధి చివర కూరగాయలమ్మే మనిషీ కూడా పెద్ద టీచరనే పిలుస్తారు. ఆ బడిలో ఎప్పటినుంచో ఒక అలవాటుంది. ఎవరికైనా పాఠం మిగిలిపోతే ఇంకొకరి పీరియడు అరువు తీసుకుంటారు. "మీ మూడో పీరియడు నాకివ్వండి, ఎల్లుండి నాది మీరు తీసుకోండి." పొరుగింటికి వెళ్ళి గిన్నెడు చక్కెర తెచ్చుకున్నంత సులువుగా సాగిపోయే వ్యవహారం. రాసుకోవడం, సంతకం పెట్టడం లాంటివి ఉండవు. మాటే పత్రం. అందరూ తిరిగి ఇచ్చేసేవాళ్ళు, ఒక్క లెక్కల మాస్టారు తప్ప.

లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ఉరుము. ఆయన వరండాలో నడిచొస్తుంటే పక్క గదుల్లో కూడా పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళు. ఆటల పీరియడు, పాటల పీరియడు, బొమ్మల పీరియడు, ఏది కంటబడితే అది పట్టుకుపోయేవాడు. "రేపిస్తాలే" అనేవాడు. ఆ రేపు ఏ క్యాలెండర్‌లోనూ ఉండేది కాదు. "ప్రపంచానికంతా లెక్కలు చెబుతాడు, తన బాకీల దగ్గరికొచ్చేసరికి ఒంట్లు కూడా మర్చిపోతాడు" అని ఆటల మాస్టారు చాటుగా నవ్వేవాడు. చాటుగానే. ఎందుకంటే లెక్కల మాస్టారు చెప్పే పాఠం అలాంటిది. మొద్దు అనిపించుకున్న పిల్లాడు కూడా ఆయన దగ్గర గట్టెక్కేవాడు. తల్లిదండ్రులు ఆయన పేరు చూసే పిల్లల్ని ఈ బడిలో చేర్చేవాళ్ళు. బడి కమిటీ వాళ్ళు ఆయనొస్తే కుర్చీ జరిపి కూర్చోబెట్టేవాళ్ళు.

అందుకని ఆయన ఆలస్యంగా వచ్చినా పెద్ద టీచరు ఊరుకుంది. మొదటి పీరియడు వద్దంటే తీసేసింది. వెనకబడిన సెక్షను వద్దంటే దాన్ని సైన్సు టీచరు నెత్తిన పెట్టింది. మధ్యాహ్నం వరండాలో కాపలా డ్యూటీ నా వల్ల కాదంటే, అదీ ఇంకొకరికి అప్పగించింది. ప్రతిసారీ ఆ ఇంకొకర్ని పిలిచి ఒకే మాట చెప్పేది. "సర్దుకోండమ్మా, పెద్దాయన కదా." ఆ సర్దుబాట్లు పేరుకుని పేరుకుని గుట్టయ్యాయి. గుట్ట మీద ఆయన కూర్చున్నాడు, కింద మిగతావాళ్ళంతా ఉన్నారు.

ఆయన ముందు ఆవిడ నోరు లేవకపోవడానికి ఇంకో కారణముంది. అది వాళ్ళిద్దరికీ, ఆవిడ భర్తకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్త. చంటివాడు మెట్ల మీంచి పడ్డాడని పక్కింటావిడ ఫోను చేసింది. పిల్లవాడి పేరు వినగానే ఎవరికీ చెప్పకుండా, చెప్పాలన్న ధ్యాస కూడా లేకుండా, క్లాసు వదిలి పరుగెత్తింది. ఆ పూటే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టీచరు లేని క్లాసు కనబడితే ఆవిడ ఉద్యోగం అక్కడితో సరి. అప్పుడు కుర్రవాడిగా ఉన్న లెక్కల మాస్టారు ఆ క్లాసులోకి దూరి, సుద్దముక్క పట్టుకుని, ఇన్‌స్పెక్టరుతో అన్నాడు. "ఈ పీరియడు నాదండీ. ఆవిడ దగ్గర అరువు తీసుకున్నాను." అంతే. ఉద్యోగం నిలిచింది, పిల్లవాడి నుదుటి మీద కుట్లు మిగిలాయి. మర్నాడు ఆవిడ కళ్ళనీళ్ళతో తన పీరియడు ఇవ్వబోతే, "ఉండనీండి, అవసరమైనప్పుడు నేనే అడుగుతా" అన్నాడు.

ఎప్పుడూ అడగలేదు. ఆ మాట ఎత్తలేదు కూడా. "మనం పాతవాళ్ళం, మీకు నేను చెప్పాలా?" అనేవాడంతే. ఆ మాట వినబడగానే ఆవిడ గొంతులో ఆ పాత పీరియడు ముల్లులా అడ్డుపడేది.

ఒక సాయంత్రం బొమ్మల టీచరు పెద్ద టీచరు గదిలోకి వచ్చింది. చేరి రెండేళ్ళు కాని చిన్న పిల్ల. భుజాన సంచి, చేతిలో కాగితాల మడత.

"రేపట్నుంచి నేను రాను మేడమ్."

"ముందు కూర్చో అమ్మా. ఏమైంది?"

"కూర్చుంటే మీరు సర్దుకోమంటారు. నిలబడే చెప్తాను."

పెద్ద టీచరుకి చెంప మీద కొట్టినట్టయింది.

"మీ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో వెయ్యండి అని పిల్లలకి చెప్పాను. శనివారం తల్లిదండ్రులు వచ్చినప్పుడు గోడకి పెడదామని. ఎంత బాగా వేశారో మేడమ్. ఒకడైతే ఎదురింటి గోడే వేశాడు, ఉత్త గోడ, పెచ్చులతో సహా. రంగు ఇంకా తడిగా ఉంది. మాస్టారొచ్చి పీరియడు కావాలన్నారు. నేను ఇవ్వనన్నాను."

"ఇవ్వనన్నావా?"

"మొదటిసారి అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఆయన నన్ను చూడను కూడా చూడలేదు. పిల్లల వైపు తిరిగి, 'ఆ కాగితాలు మడిచి బెంచీల కింద పెట్టండి, లెక్కల పుస్తకాలు తియ్యండి' అన్నారు. మడిచేశారు. తడి రంగులు, మేడమ్! నేను తడిగా ఉన్నాయి ఆగండి అంటుంటే, ఆయన నవ్వి, 'నువ్వు లేకపోతే ఈ బడికి ఒక రంగు తగ్గుతుందమ్మాయ్. నేను లేకపోతే బడే తగ్గుతుంది' అన్నారు."

ఆమె జారుతున్న సంచిని భుజం మీదికి లాక్కుంది.

"ఆ మాటకి ఏడవలేదు నేను. పిల్లలు నవ్వారు మేడమ్. నా పిల్లలు. ఆ గోడ వేసినవాడు కూడా నవ్వాడు."

కాగితాల మడత బల్ల మీద పెట్టింది. పెద్ద టీచరు పైకాగితాన్ని విప్పబోయింది. రెండు సగాలూ అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. గోరుతో నెమ్మదిగా లాగితే పర్రుమని చిరిగింది. కిటికీ సగం ఇటు, ఆకాశం సగం అటు.

"నాకు ఒక్క రోజు టైమివ్వు."

"పోయినసారి కూడా ఒక్క రోజే అన్నారు."

"సరే, రోజు కూడా వద్దు. రేపు మూడో పీరియడు దాకా ఇవ్వు. అప్పుడు ఆ పిల్లలకే కదా నీ క్లాసు? వచ్చి చెప్పు. ఆ తర్వాత కూడా పోవాలనుంటే నేనే గేటు దాకా వచ్చి సాగనంపుతాను."

బొమ్మల టీచరు ఆవిడ మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. తలూపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద టీచరు గిన్నెలు కడుగుతుంటే గిన్నెలే ఆవిడకి భయపడ్డాయి. భర్త హాల్లోంచి లేచి వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఆ మూకుడేం చేసిందే పాపం? ఆ పక్క వదిలేసి ఈ పక్కే తోముతున్నావు."

ఆవిడ జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, "ఆయనకి నేను బాకీపడి ఉన్నానండీ. ఏ మొహం పెట్టుకుని అరవను?" అంది.

"నాకూ బాకీపడే ఉన్నావుగా. మీ అమ్మని నెలల తరబడి ఆసుపత్రికి తిప్పింది ఎవరు? అయినా నా మీద అరవడానికి అదెప్పుడూ అడ్డం రాలేదే?"

"మీతో చెప్పడం నాది బుద్ధి తక్కువ."

"కోప్పడకు. అంటే, కోప్పడు, కానీ ఇక్కడ కాదు. రోజూ ఉన్న కోపమంతా ఇంట్లోనే ఖర్చు పెట్టేస్తావు. కాస్త బడికీ మిగల్చు." తర్వాత నవ్వు మానేసి అన్నాడు. "ఆ రోజు వాడు మన పిల్లాడికి మేలు చేశాడు. కాదనను. నీ బాకీ నువ్వు తీర్చుకో, ఆ పిల్ల చేత ఎందుకు కట్టిస్తున్నావు?"

ఆవిడ చేతిలో మూకుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తాను చేసింది అదే. సైన్సు టీచరు చేత కట్టించింది, ఆటల మాస్టారి చేత కట్టించింది, ఇప్పుడు ఈ పిల్ల చేత, ఆ కిటికీలు వేసిన పిల్లల చేత కూడా. మెత్తనిదాన్ని అనుకుంది తనని తాను. మెత్తదనమంతా ఒకరి వైపే ఉంటే దాన్ని ఏమనాలి?

తెల్లవారి ప్రార్థనకి కూర్చుంది. మామూలుగా అయితే మనసు నిమ్మళించేదాకా లేచేది కాదు. ఆ రోజు నిమ్మళించలేదు. "దేవుడా, ఇవాళ నన్ను చల్లార్చకు. నోరు జారకుండా చూడు చాలు" అని లేచింది. ఆ ప్రార్థన గుమ్మం దాటిందో లేదో ఆయనకే తెలియాలి. ఆవిడ మాత్రం దాటింది.

బడిలో రెండో పీరియడు ఖాళీ ఉన్నవాళ్ళు స్టాఫ్ రూములో టీ తాగుతున్నారు. పొడుగాటి బల్ల, ఒక కాలు కింద మడిచిన అట్టముక్క, కిటికీ పక్కన ఫ్యాను గాలి తగిలే ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ లెక్కల మాస్టారిది. ఇంకెవరూ కూర్చోరు. పెద్ద టీచరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన బొమ్మల టీచరుతో మాట్లాడుతున్నాడు.

"ఏమ్మాయ్, బొమ్మలు పాడయ్యాయని ఒకటే ఏడుపటగా? ఇంకాస్త ఏడిస్తే రంగు కలుపుకోడానికి నీళ్ళు కూడా మిగిలేవి."

ఒకరిద్దరు టీ కప్పుల్లోకి నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు. ఈసారికి మన మీద పడలేదు కదా అన్న ఊరట ఉంది. బొమ్మల టీచరు తలెత్తలేదు.

పెద్ద టీచరుకి ఒళ్ళు మండిపోయింది. అక్కడే, అందరి ముందే కడిగేద్దామనిపించింది. ఆయన ఆ పిల్లకి చేసింది అదే కదా అని గుర్తొచ్చి పళ్ళు బిగబట్టింది.

"మాస్టారూ, ఒకసారి నా గదికి రండి."

"టీ తాగి వస్తా మేడమ్."

"కప్పుతో సహా రండి. ఇప్పుడే."

గదిలో నవ్వు తెగిపోయింది. ఆయన కనుబొమ్మలెత్తి, కప్పు పట్టుకునే లేచాడు.

తన గదిలోకి రాగానే ఆవిడ తలుపు వేసింది. ఆ తలుపు వేయడం ఆయన ఎప్పుడూ చూడలేదు. బల్ల మీద పరిచిన అద్దం, అద్దం మీద ఆ చిరిగిన కిటికీ బొమ్మ.

"ఓహో, ఇదా సంగతి!" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చిన్నపిల్ల మేడమ్, అలుగుతుంది. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. మనం పాతవాళ్ళం, మీకు నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. ఇవాళ నేను చెప్తాను, మీరు వినండి. నిన్న ఆ అమ్మాయి ఇవ్వనన్న పీరియడు లాక్కున్నారు. తడి బొమ్మలు మడిపించారు. ఆవిడ పిల్లల ముందే ఆవిడ్ని చులకన చేశారు. ఇవాళ మళ్ళీ స్టాఫ్ రూములో అదే పని. ఈ మూడింటిలో నేను తప్పు చెప్పిందేదైనా ఉందా?"

"పాఠం వెనకబడింది. మరి నేనేం చెయ్యాలి?"

"అడగాలి. కాదంటే వెనక్కి వెళ్ళాలి. మిగతావాళ్ళందరూ అదే చేస్తారు."

"మిగతావాళ్ళ క్లాసు తప్పితే ఎవడూ ఏడవడు! లెక్కలు తప్పినవాణ్ణి వాళ్ళ నాన్న తోలు వలుస్తాడు. ఆ పిల్లలు వచ్చి నా దగ్గర ఏడుస్తారు, మీ దగ్గర కాదు. బొమ్మలు కూడు పెడతాయా?" ఆయన గొంతు నిజంగానే ఉరిమింది. వరండాలో వెళుతున్న చెప్పుల చప్పుడు ఆగి, గబగబా సాగిపోయింది.

"గొంతు తగ్గించండి. నాకు చెవులు బాగానే వినిపిస్తాయి."

"ఏంటి, నా మీద..."

"మీరు పాఠం బాగా చెప్తారు మాస్టారూ. ఈ బడిలో అంత బాగా చెప్పేవాళ్ళు లేరు. అది చూసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మీ దగ్గర పిల్లలు లెక్కలొకటే నేర్చుకోవట్లేదు. బలమున్నవాడు బలం లేనివాడి చేతిలోది లాక్కోవచ్చని, పక్కనున్నవాళ్ళు నవ్వాలని, అదీ నేర్చుకుంటున్నారు. నిన్న నవ్వారుగా!"

ఆయన మొహం కందగడ్డయింది. కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు. టీ తొణికి అద్దం మీద పాకింది. ఆవిడ ఆ బొమ్మని చప్పున పక్కకి లాగింది.

"ఆ రోజు ఇన్‌స్పెక్టరు ముందు నేను నోరు మూసుకునుంటే ఈ కుర్చీలో ఇవాళ ఎవరుండేవారో ఒకసారి ఆలోచించండి!"

అన్నాడు. ఇన్నేళ్ళకి నోటితో అన్నాడు. పెద్ద టీచరుకి చిత్రంగా, గొంతులో ముల్లు ఊడిపడినట్టనిపించింది. బాధ వేయలేదు. ఊపిరాడింది.

"ఎన్నాళ్ళకి అడిగారు మాస్టారూ. అవసరమైనప్పుడు అడుగుతానన్నారుగా, ఇదిగో, అడిగారు. మీరు ఆ రోజు నా కొడుకుని చూసుకోనిచ్చారు. చచ్చేదాకా మర్చిపోను. కానీ మీరు నాకిచ్చింది ఒక్క పీరియడు. ఒక్క పీరియడు ఇచ్చి ఈ బడంతా తీసుకున్నారు. ఇచ్చుకుంటూ పోయింది నేనే, అందులో మీ తప్పెంతో నాదీ అంతే. ఇక చాలు."

బయట గంట కొట్టారు. మూడో పీరియడు. ఆయనకి తప్పించుకోడానికి తలుపు దొరికినట్టయింది, గబుక్కున లేచాడు.

"నా క్లాసుంది. ఈ ఏడు పెద్ద పరీక్ష రాసే చివరి తరగతి. మనం తర్వాత మాట్లాడుకుందాం."

"మీ క్లాసు నేను తీసుకుంటాను."

"మీరా? లెక్కలా?"

"ఆ రోజు మీరు నా పద్యాల క్లాసు తీసుకోలేదూ? పిల్లల చేత ఎక్కాలు చెప్పించారని విన్నాను. నేనూ ఏదో ఒకటి చెప్పిస్తాను. మీరు మేడ మీద బొమ్మల క్లాసుకి వెళ్ళండి. నిన్న నవ్విన ఆ పిల్లల ముందు, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పండి."

"ఆ పిల్లకా? నేనా? చెప్పకపోతే?"

"రేపట్నుంచి చివరి తరగతి మీది కాదు."

"నేను లేకుండా వాళ్ళు తప్పుతారు. కమిటీ మిమ్మల్ని నిలబెట్టి అడుగుతుంది."

"నిలబడతాను. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది నాకూ. మీరూ రండి కమిటీకి. ఇక్కడ చెప్పిందే అక్కడా చెప్తాను, ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు."

ఆయన ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఎప్పటిలా ఆవిడే ముందు చూపు తిప్పుకుంటుందని ఎదురుచూశాడు. ఆవిడ తిప్పుకోలేదు. అరచెయ్యి చాపింది.

"సుద్దముక్క ఇవ్వండి."

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. దానివల్ల జేబు అంచు ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి, ఆవిడ చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేసి, తలుపు విసురుగా తీసుకుని వెళ్ళిపోయాడు. సుద్దముక్క దొర్లి టీ మరకలో తడిసింది. ఆవిడ దాన్ని చీర కొంగుతో తుడిచి తీసుకెళ్ళింది.

చివరి తరగతి పిల్లలు ఆవిణ్ణి చూసి బిత్తరపోయి లేచారు. బోర్డు మీద నిన్నటి లెక్క సగంలో ఆగి ఉంది.

"ఇది నాకు రాదు. నిజంగానే రాదు. మీ మాస్టారు నేర్పింది ఎవరికైనా వస్తే నాకు చెప్పండి, నేర్చుకుంటాను" అందావిడ.

ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచి వచ్చి మొదలుపెట్టింది. వెనక నుంచి ఇంకొకడు, "అలా కాదు, అక్కడ గుర్తు మారుతుంది" అన్నాడు. చక్కగా చెబుతున్నారు, అచ్చం మాస్టారిలాగే. ఆ మాటల పొందిక, ఆ ఓపిక అంతా ఆయనదే. వింటుంటే ఆవిడకి ఇంకా కోపమొచ్చింది. ఇంత చేతనైన మనిషికి ఆ ఒక్కటి ఎందుకు చేతకాలేదు?

కిటికీలోంచి చూసింది. ఆయన ఆవరణ మధ్యలో కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. నీళ్ళు తాగాడు. మొహం కడుక్కున్నాడు. మళ్ళీ తాగాడు. గేటు వైపు చూశాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది ఆవిడ. ఆయన కుళాయి కట్టేసి, మేడ మెట్లెక్కాడు, ఒక్కో మెట్టూ ఎవరో తోస్తున్నట్టు.

పై నుంచి ఏ మాటా వినబడలేదు. ఏమన్నాడో, ఎలా అన్నాడో తెలియదు. నవ్వు మాత్రం వినబడలేదు. కాసేపటికి బెంచీలు జరిగిన చప్పుడైంది, కాగితాలు పరిచిన చప్పుడైంది. ఆ పైన బొమ్మల టీచరు గొంతు, "ముందు కుంచె కడుక్కోండిరా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని గట్టిగా. పెద్ద టీచరు బల్ల అంచు పట్టుకుని మెల్లిగా ఊపిరి వదిలింది. కుంచె కడగమని చెప్పే మనిషి సంచి సర్దుకోదు. కనీసం ఇవాళ్టికి.

గంట కొట్టారు. గుమ్మం బయట లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎవరి క్లాసు బయటా ఆయన నిలబడి ఎదురుచూడటం ఆవిడ ఇన్నేళ్ళలో చూడలేదు. మొహం ఇంకా ఎర్రగానే ఉంది. జుట్టు తడిగా ఉంది.

"చెప్పాను" అన్నాడు గోడ వైపు చూస్తూ. "నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదు మాస్టారూ, మీతో ఇలా మాట్లాడటం."

ఆవిడ మాటలో మెత్తదనం లేదు. కోపం ఇంకా దిగలేదు, దిగాలని ఆవిడ కోరుకోలేదు కూడా. సుద్దముక్కని ఆయన ముందుకి చాపింది. ఈసారి ఆయన చెయ్యి చాచక తప్పలేదు.

"ఇది మీ పీరియడు. ఆ రోజుది. ఇవాళ్టితో చెల్లు."

ఆయన అరచేతిలో సుద్దముక్క కాసేపు చూసుకున్నాడు. టీలో తడవడంతో దాని మొన కొద్దిగా మెత్తబడింది. జేబులో వేసుకుని, "చెల్లు" అన్నాడు.